బేగి రా!

మా వేపు "బేగి" అని ఒక మాట వుంది. త్వరగా అని అర్థం. గోదావరి అవతల వాళ్ళు వింటే నవ్వుతారు గాని, మా విజయనగరం, శ్రీకాకుళం ఇళ్ళల్లో ఆ మాట లేకుండా పొద్దు పొడవదు, పొద్దు గూకదు. "బేగి లెగు", "బేగి తిను", "బేగి రా". గుమ్మంలో నిలబడి పిల్లల్ని పంపేటప్పుడు మన ఆడవాళ్ళం అనే ఆఖరి మాట అదే. ఆ రెండక్షరాల బరువెంతో నాకు నాలుగేళ్ళ కిందట ఒక కార్తీకమాసం సాయంత్రం తెలిసింది.

మా అత్తగారిది రామతీర్థం. విజయనగరానికి పన్నెండు పదమూడు కిలోమీటర్లుంటుంది. రాముడి గుడి, కోనేరు, చుట్టూ నల్లటి రాతికొండలు... శివరాత్రికి కూడా జనం విరగబడి వచ్చే రాముడి క్షేత్రం అది. కార్తీకంలో ఒక రోజు దీపాలు పెట్టుకుందామని అందరం వెళ్ళాం. తీరా ప్రమిదలన్నీ కడిగి వరసగా పెట్టుకున్నాక చూస్తే నూనె అడుగంటింది. చీకటి పడుతోంది. మా అబ్బాయిని పిలిచి, "స్కూటరు మీద నెల్లిమర్ల దాకా వెళ్ళి నువ్వుల నూనె పట్రా. బేగి రా!" అన్నాను.

వాడికప్పుడు పదహారేళ్ళు. లైసెన్సు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే తాళం చేతికిచ్చాను.

దారిలో ఒక మలుపుంది. అక్కడ చింతచెట్టు రోడ్డు మీదికి వాలి వుంటుంది. తేగల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక మామ్మ రోడ్డు దాటుతోంది. మావాడు చూశాడు గాని, చూసేసరికే దగ్గరికొచ్చేశాడు. వాడికి మోచేతులు గీసుకున్నాయి. ఆవిడకి తుంటి ఎముక విరిగింది. తేగలన్నీ రోడ్డంతా దొర్లిపోయాయిట. "అమ్మా, అవి ఏరి బుట్టలో పెట్టాను, నాకేం చెయ్యాలో తోచలేదు" అని మావాడు ఆ రాత్రి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తరవాత జరిగింది మీలో చాలామందికి నేను చెప్పకుండానే తెలుసు. పెద్దలు కూర్చున్నారు. "కేసూ గీసూ ఎందుకండీ, ఆవిడకీ తిరుగుడే, కుర్రాడికీ భవిష్యత్తు పాడు" అన్నారు. ఆపరేషను ఖర్చు మేం పెట్టుకున్నాం. పైన కొంత డబ్బిచ్చాం. ఆస్పత్రిలో అడిగితే, పడిపోయిందని మావాళ్ళే చెప్పారు. ఒక కాయితం మీద వేలిముద్ర పడింది. ఇంటికొచ్చాక మా ఆడబడుచు నా భుజం మీద చెయ్యేసి, "వదినా, గ్రహచారం. దానికెవరేం చేస్తారు?" అంది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నిజమే కదా, గ్రహచారం!

ఆ ఏడాది డిసెంబరు చివర్లో మావారు పేపరు చదువుతూ జిల్లాలో రోడ్డు ప్రమాదాల లెక్కలు పైకి చదివారు. ఏటా పోలీసు అధికారులు చెపుతారు చూడండి... నిరుటికీ ఈ ఏటికీ తేడా, చనిపోయినవారు, గాయపడినవారు అని. ఆ అంకె పెరిగిందో తగ్గిందో నాకిప్పుడు గుర్తు లేదు. ఆ లెక్కలో మామ్మ లేదు. అదొక్కటే గుర్తుంది. ఎలా వుంటుంది? లేకుండా చేసింది మేమే కదా! చేతిలో కాఫీ గ్లాసు అలాగే వుండిపోయింది. ఏడాదికేడాదికీ గీసే ఆ గీత కిందికి దిగితే మనం సంతోషిస్తాం. మాలాంటి పెద్దమనుషులు ఎంతమంది చేరి ఆ గీతని కిందికి లాగుతున్నారో!

అప్పట్నించీ ఆ లెక్కలు వెతుక్కుని చదవటం నాకొక రోగంలా పట్టుకుంది. కేంద్ర ప్రభుత్వం వేసే లెక్కల ప్రకారం మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. 2023లో 1,72,890 మంది. అంటే రోజుకి 470 మందికి పైగా, గంటకి ఇంచుమించు ఇరవై మంది. మధ్యలో 2020లో మాత్రం గీత కిందికి దిగింది. ఎందుకో మీకు తెలుసు. కరోనా వచ్చి అందరం ఇళ్ళల్లో తలుపులేసుక్కూర్చున్నాం. మనకి బుద్ధొచ్చి తగ్గలేదు, బయటికి రాక తగ్గింది. తలుపులు తెరిచాం, గీత మళ్ళీ పైకి లేచింది.

ఇంకొక అంకె ఆడవాళ్ళం మరీ మనసులో పెట్టుకోవలసింది. 2022లో హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపేవాళ్ళు కారు, వెనక కూర్చున్నవాళ్ళు. మనం కూర్చునే చోటది. పువ్వులు నలిగిపోతాయనీ, కొప్పు చెదిరిపోతుందనీ, "ఇక్కడిక్కడికే కదా" అనీ ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో పిల్లని పెట్టుకుని వెళ్ళే చోటు. మన చీర చక్రంలో పడకుండా వెనక చక్రానికి సగం వరకూ అడ్డు వుండాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో రాశారు. మన చీర కుచ్చిళ్ళ గురించి ప్రభుత్వం ఆలోచించింది. మన తల గురించి మనం ఆలోచించుకోవద్దూ?

ఇంతకీ నన్ను తినేస్తున్న ప్రశ్న వేరు. ఇది గ్రహచారమా, నా తప్పా?

నేను బి.ఏ. చదివేటప్పుడు తత్వశాస్త్రం ఒక సబ్జెక్టు. అప్పుడు తలకెక్కని ఒక వాదం ఇప్పుడు గుర్తొచ్చింది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అని ఇద్దరు తత్వవేత్తలు దీని మీదే వ్యాసాలు రాశారు. ఇద్దరు డ్రైవర్లు ఒకేలా అజాగ్రత్తగా బండి నడిపారనుకోండి. ఒకడి బండికి పిల్లవాడు అడ్డం వచ్చాడు. రెండోవాడికి ఎవరూ రాలేదు. ఒకడు జీవితాంతం కుళ్ళి కుళ్ళి ఏడుస్తాడు, రెండోవాడు ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాడు. మరి ఇద్దరి తప్పూ ఒకటా, వేరా? చేసిన పని ఒకటే. తేడా అంతా ఆ క్షణాన రోడ్డు మీద ఎవరున్నారు అన్నదే.

అది చదివినప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నాలాగే ఎంతమంది తల్లులు పదహారేళ్ళవాడికి తాళం ఇచ్చి పంపివుంటారు! కరివేపాకుకనీ, ట్యూషనుకనీ, చెల్లెల్ని దింపి రమ్మనీ. వాళ్ళ దారిలో తేగల బుట్ట రాలేదు. వాళ్ళు దీపాలు పెట్టుకున్నారు. అంటే గ్రహచారం వుంది, కాదనను. మామ్మ సరిగ్గా ఆ నిమిషానే దాటటం గ్రహచారం. కాని తాళం నా చెయ్యి జారి వాడి చేతిలో పడలేదు. నేనిచ్చాను. ఆ భాగం గ్రహాలది కాదు.

మన చట్టం కూడా ఆ మాటే అంటోంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ అని ఒక సెక్షను చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుణ్ణి గాని, బండి యజమానిని గాని దోషిగా చూస్తారు. మూడేళ్ళ వరకూ జైలు, 25,000 రూపాయల జరిమానా. నాకు తెలియకుండా తీసుకెళ్ళాడని రుజువు చేసుకోవలసిన భారం కూడా వాళ్ళదే. నేనెలా రుజువు చేస్తాను? నూనె తెమ్మన్నది నేనే!

రామతీర్థంలో రాముణ్ణి చూసినప్పుడల్లా ఈ మధ్య నాకు ఆయన తండ్రి గుర్తొస్తున్నాడు. దశరథుడు అప్పటికి పెళ్ళి కూడా కాని యువరాజు. శబ్దం విని బాణం వెయ్యటం కొత్తగా అబ్బిన విద్య. కుర్రతనం, చేతిలో బాణం, చీకటి. సరయూ ఒడ్డున కుండలో నీళ్ళు నిండే చప్పుడు విని ఏనుగనుకుని వేశాడు. ఎదుట ఏముందో చూడకుండా వదిలిన బాణం! తగిలింది మునికుమారుడికి. చుట్టూ ఎవరూ లేరు. నిశిరాత్రి. రథం ఎక్కి వెళ్ళిపోతే అడిగే దిక్కు లేదు. కాని దశరథుడు అలా వెళ్ళలేదు. ఆ కుండతోనే నీళ్ళు పట్టుకుని, గుడ్డివాళ్ళయిన ఆ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, నేను మీ అబ్బాయిని కాదు, దశరథుణ్ణి అని చెప్పి, జరిగింది చెప్పాడు. ఆ ముసలి తండ్రి శపించాడు గాని, ఒక మాటన్నాడు. నీ అంతట నువ్వే వచ్చి చెప్పకపోయి వుంటే నీ తల లక్ష చెక్కలయి వుండేదన్నాడు. వాల్మీకి రాసిన మాటే అది. తెలియక చేశాడు గనక ప్రాణం నిలిచింది. చేశాడు గనక పుత్రశోకం తప్పలేదు. తప్పులో తెలియనితనం పాలెంతో, చేతి పాలెంతో ఆ ముసలాయన విడదీసి చూపించాడు. మా ఇంటి పంచాయితీలో పెద్దలెవరూ అలా విడదీయలేదు.

రామతీర్థం కొండలకి ఇంకొక కథ కూడా వుంది. బోధికొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. జైనమునులకి నడకకి కూడా ఒక నియమం వుంది, ఈర్యాసమితి అంటారు. ముందు నాలుగు మూరల మేర నేల చూసుకుంటూ, చీమ కూడా పాదం కింద పడకుండా నడవాలి. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ప్రయాణం మానేసేవారు, చిగురు గడ్డీ చిన్న పురుగులూ కాలి కింద పడతాయని. ఆ కొండల నీడలోనే మా రోడ్డు. గంటకి అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకి పదహారు మీటర్ల పైమాటే. నాలుగు మూరల చూపు చాలదు మనకి. వేగం పెరిగిన కొద్దీ చూపు దూరం కావాలి. మనమేమో చూపు సెల్ ఫోన్‌లో పెట్టి వేగం మాత్రం పెంచుకున్నాం.

అలాగని నేరమంతా మనుషుల నెత్తిన వెయ్యటం కూడా న్యాయం కాదు. ఆ మలుపులో చెట్టు కొమ్మ కొట్టించినవాళ్ళు లేరు, దీపం లేదు, నడిచేవాళ్ళకి పక్కన జానెడు దారి లేదు. స్వీడన్ దేశం వాళ్ళు 1997లో పార్లమెంటులో ఒక తీర్మానం చేసుకున్నారు. రోడ్డు మీద ఒక్క ప్రాణం పోయినా అది మామూలని ఒప్పుకోకూడదని. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకి ప్రాణం బలి కాకుండా రోడ్డునే మార్చాలన్నది వాళ్ళ సూత్రం. అక్కడ మరణాలు సగానికి పైగా తగ్గాయి. తలుపులు మూసుకుని కాదు, తిరుగుతూనే తగ్గించుకున్నారు. తలరాత అనుకున్నది రోడ్డు మార్చగానే మారితే, దాన్ని రాసింది బ్రహ్మ కాదన్నమాట.

ఈ కార్తీకంలో మావాణ్ణి వెంటబెట్టుకుని మామ్మ ఇంటికి వెళ్ళాను. నాలుగేళ్ళలో వెళ్ళటం అదే మొదటిసారి. సిగ్గుపడుతూనే చెపుతున్నాను. వాడిప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మామ్మ చేతికర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుని వుంది. బుట్ట ఎత్తే పని ఆ రోజుతోనే పోయింది. మావాడు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "నేనే మామ్మా, ఆ బండి నాదే" అన్నాడు. నేను కూడా నోరు పెగల్చుకుని, "పంపింది నేను" అన్నాను.

ఆవిడ మమ్మల్ని చాలాసేపు చూసింది. "కావాలని సేసినాడేటమ్మా గుంటడు? నా రాత అలగుంది" అంది.

ఆ మాటే, నాలుగేళ్ళ కిందట మా ఆడబడుచు అన్న మాటే. కాని ఆవిడ నోట వింటే నాకు తల వొంగిపోయింది. రాత అని దెబ్బ తిన్న మనిషి అంటే అది క్షమ. దెబ్బ కొట్టినవాళ్ళం మనం అంటే అది దొంగతనం. ఆవిడ మాట మేం కాజేసి నాలుగేళ్ళు వాడుకున్నాం.

మేం చేసింది దశరథుడు చేసినదానికి సాటి రాదు. ఆయన నీళ్ళ కుండతో వెళ్ళాడు, మేం నాలుగేళ్ళు పోయాక పళ్ళు పట్టుకుని వెళ్ళాం. ఏ లెక్కలోనూ ఇప్పటికీ మామ్మ లేదు. నేను రాసిన ఈ నాలుగు ముక్కల్లో తప్ప. నెలకింత ఆవిడ చేతిలో పెడతానని మావాడు తనంతట తానే అన్నాడు. ట్యూషన్లు చెప్పి ఇస్తున్నాడు. చాలుతుందా అంటే చాలదు.

వచ్చేస్తుంటే మామ్మ వాణ్ణి వెనక్కి పిలిచి, "బాబూ, బండి మెల్లగ తోలు. బేగెల్లి ఏటి సేస్తావు?" అంది.

ఆ ప్రశ్నకి మావాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరు బయటికెళ్ళినా గుమ్మంలో నేనొకటే అంటున్నాను. "వెళ్ళి రా" అని, అంతే. నూనె ఆలస్యమైతే దీపం ఆలస్యంగా వెలుగుతుంది. అన్నం చల్లారితే మళ్ళీ వేడి చేసుకుంటాం.