మూడు రూపాయల స్వామ్యము

భాగ్యనగరమునకు వాయవ్యదిశగా మియాపూరు దాటి, బాచుపల్లి మీదుగా పోవు దారి సంగారెడ్డి జిల్లాలో అడుగిడునంతలో, ఒకవైపు నూతన గృహసముదాయములును, మఱియొకవైపు ఔషధకర్మాగారముల పొడవైన ప్రహరీగోడలును ఎదురగు చోట బొల్లారము పారిశ్రామికవాడ మొదలగుచున్నది. షిఫ్టు మాఱువేళ ఆ గోడల వెలుపలికి వచ్చు జనములో శ్రీకాకుళము, ఒడిశా, బీహారుల నుండి పొట్టకూటికై వచ్చినవారును, ఒకనాడు ఆ నేలలనే దున్నిన రైతుల బిడ్డలును కలరు. వారిలో భవిష్యనిధి (పీఎఫ్) గల ప్రతివాని పే స్లిప్పులోను నెలనెలా కనబడు ఒక చిన్న పంక్తి, పైకి లెక్కలగుమాస్తాకు సంబంధించినదిగా తోచినను, తత్త్వశాస్త్రమునకు గహనమైన ప్రశ్న నొకదానిని మన యెదుట నిలుపుచున్నది. ఒక కర్మయొక్క ఫలమును అనుభవించువాడు, ఆ కర్మను తాను చేయకున్నను, తుదకు ఎఱుగకున్నను, దానికి బాధ్యుడగునా? కానిచో, ఆ బాధ్యత యెవనిది?

ఆ పంక్తిలోని సొమ్ము నడచు మార్గమును మొదట చూడవలెను. 15,000 రూపాయల మూలవేతనము గల కార్మికుని జీతమునుండి నూటికి 12 చొప్పున 1,800 రూపాయలు భవిష్యనిధికి పోవును. యజమాని చెల్లించు 12 పాళ్లలో 8.33 పాళ్లు పింఛను ఖాతాకు పోగా మిగిలిన 550 రూపాయలును అందే చేరును. ఈ 2,350 రూపాయలు చిరకాలము ప్రభుత్వ ఋణపత్రములలోను, నిశ్చితమైన వడ్డీ నిచ్చు బాండ్లలోను నిలిచియుండెడివి. 2015 ఆగస్టులో భవిష్యనిధి సంస్థ కొత్తగా చేరు ధనములో నూటికి 5 పాళ్లను ఈటీఎఫ్‌ల ద్వారా షేరుమార్కెటులో పెట్టనారంభించెను. మఱుసటి యేడు అది 10 పాళ్లయ్యెను, 2017లో 15 పాళ్లయ్యెను. షేర్లను ఎన్నుకొను శ్రమను విడిచి, నిఫ్టీవంటి ఒక సూచిలో ఏ కంపెనీకి ఎంత పాలు కలదో ఆ పాళ్లలోనే షేర్లను కొని యుంచుకొని, తన యూనిట్లను సైతము స్టాక్ ఎక్స్ఛేంజిలో షేర్లవలెనే క్రయవిక్రయములకు వదలు నిధియే యీటీఎఫ్. అమెరికాలో 1993లో మొదలై, మనదేశమునకు 2001 చివర నిఫ్టీ బీస్ అను పేరుతో వచ్చిన యీ పద్ధతి నేడెంతగా విస్తరించినదనగా, స్టేట్ బ్యాంకు మ్యూచువల్ ఫండు నిర్వహించు నిఫ్టీ 50 ఈటీఎఫ్ ఒక్కటియే లక్షకోట్ల రూపాయలను ఎన్నడో దాటిపోయినది. అట్లు దాటుటకు ముఖ్యకారణము కార్మికుల భవిష్యనిధియే.

నిఫ్టీలోని యేబది కంపెనీలలో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ఒకటి. 1984లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన ఆ సంస్థకు బొల్లారములో కర్మాగారములు కలవు. నిఫ్టీలో దాని పాలు నూటికి ఒకటికన్న తక్కువ. ఇందాకటి 2,350 రూపాయలలో ఈటీఎఫ్‌లకు పోవునవి 352. అవి యన్నియు నిఫ్టీమార్గముననే పోయినవనుకొన్నను, ఆ కంపెనీ షేరుగా మాఱునది నెలకు మూడు రూపాయలకు అటునిటుగా మాత్రమే. అయినను ఆ మూడు రూపాయలచేత, ఏ గోడ ప్రక్కగా అతడు దినదినమును పనికి పోవుచున్నాడో ఆ గోడలో ఒక రేణువునకు అతడు స్వామి యగుచున్నాడు. ఈ సంగతి అతనికి తెలియదు. తెలియుటకు తగిన ఏర్పాటును లేదు. నిఫ్టీ పెరిగినను తరిగినను, అతని పాస్‌బుక్కున కెక్కునది సంవత్సరమునకొకసారి ప్రకటింపబడు వడ్డీ మాత్రమే. 2024-25కు అది నూటికి 8.25. చట్టము దృష్టిలో షేర్లు ఫండు పేర నున్నవి, ఫండు యూనిట్లు భవిష్యనిధి పేర నున్నవి, కార్మికునకున్నదో, ఆ నిధినుండి తనకు రావలసిన సొమ్ముపై హక్కు.

షేర్లు ఎవరి చేతులలోనికి పోవుచున్నవో, ఎవరి చేతులనుండి జారుచున్నవో గమనించుట నేటి వ్యాపారలోకమున ఒక విద్యగా పెరిగినది. మూడుమాసముల కొకసారి ప్రతి లిస్టెడ్ కంపెనీయు, ఆ త్రైమాసికము ముగిసిన 21 దినములలో, తన షేర్లలో ప్రమోటర్ల పాలెంత, మ్యూచువల్ ఫండ్ల పాలెంత, బీమాసంస్థల పాలెంత, విదేశీ సంస్థల పాలెంత యని పట్టికగా ప్రకటింపవలెను. నూటికి ఒక పాలు మించి గలవారి పేర్లను అందు వ్రాయవలెను. అమెరికాలోనైనచో పదికోట్ల డాలర్లకు పైబడిన షేర్లను నిర్వహించు సంస్థలు త్రైమాసికము ముగిసిన 45 దినములలో తమ చేతనున్నవాటిని వెల్లడింపవలెను. ఈ పట్టికలను వరుసగా చదువువారు, 2025 మార్చినాటికి మన కంపెనీలలో స్వదేశ సంస్థల పాలు విదేశ సంస్థల పాలును మించినదని కనుగొనిరి. ఆ మార్పు వెనుక కోట్లాది చిన్నజీతగాండ్ర నెలనెలా పొదుపు కలదు. వ్యాపారి ఆ యంకెలను చూచి, పెద్దసంస్థ కొనుచున్నదానిని తానును కొనవచ్చునా యని యోచించును. అది అతని వృత్తి. కాని యీ పట్టికలు ధర్మవిచారమునకును సాధనములు కాగలవని నా నమ్మకము. ఏలయన, ‘మ్యూచువల్ ఫండ్లు’ అను ఒక్క పంక్తిలో బొల్లారపు కార్మికుడు పేరులేక కరగిపోయి యున్నాడు; అతనిని ఆ పంక్తినుండి వెలికిదీసి, నీకు దీనితో గల సంబంధమేమని చెప్పగలది ధర్మవిచారమే.

స్వత్వమనగా నేమియను విచారము మనకు కొత్తది కాదు. జైమిని మీమాంసాసూత్రముల ఆఱవ యధ్యాయమున విశ్వజిద్యాగమును గూర్చిన చర్చ కలదు. ఆ యాగమున యజమాని తన సర్వస్వమును దక్షిణగా నీయవలెను. అట్లయినచో తల్లిదండ్రులను సైతము ఈయవచ్చునా? ఈయరాదు, వారు తనవారేకాని తన సొత్తు కారు. యజమాని సార్వభౌముడైనచో భూమినంతటిని ఈయవచ్చునా? ఈయరాదు, భూమి యెల్లరకును సమానమైనది, దానిని రక్షించినందులకు పంటలో భాగము గొనుట వరకే రాజునకు గల యధికారము. పిమ్మట పెక్కు శతాబ్దములకు, బొల్లారపు పొరుగున నున్న పటాన్‌చెరువు మీదుగా పడమటికి పోవు ముంబయి రహదారికి చేరువనే యున్న కల్యాణమున, చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున, విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించుచు, స్వత్వము శాస్త్రముచేత పుట్టినది కాదనియు, లోకవ్యవహారముచేత నెఱుగదగినదనియు వాదించెను. ఆ వాదమును శిరసావహించి నేటి లోకవ్యవహారమును చూచినచో, పూర్వము ఒక్కని యందే కూడియుండిన మూడు ధర్మములు నేడు మూడు చోట్లకు చెదరిపోయినవని తెలియును. ఫలము కార్మికునిది. కంపెనీ సభలలో వోటువేయు నధికారము ఫండు నిర్వాహకునిది. ఏది కొనవలెను, ఎంత కొనవలెను అను నిర్ణయము సూచిది. సూచియన్ననో, వ్యక్తి కానే కాదు, ఒక నియమావళి. కంపెనీ షేరుదారులకు స్వామ్యము నిలిచియున్నను, అధికారము వారి చేతినుండి జారిపోవుచున్నదని అమెరికాలో బెర్లీ, మీన్స్ అను నిరువురు విద్వాంసులు 1932లోనే గ్రంథము వ్రాసిరి. వారు చూచిన చీలిక మొదటిది, మనము చూచుచున్నది రెండవది.

ఇట్లు చెదరిన స్వామ్యమున బాధ్యత యెచట నిలుచును? ఈ ప్రశ్నకు మన సంప్రదాయమున రెండు సమాధానములు కలవు. అవి రెండును పరస్పరవిరుద్ధములుగా తోచును. ఒకటి, మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసిన వాల్మీకి పూర్వకథ. దారిదోపిడీతో సంసారమును పోషించిన బోయవాడు, ఈ పాపములో మీరును పాలుపంచుకొందురా యని యింటికి పోయి యడుగగా, భార్యయు బిడ్డలును ఒప్పుకొనరైరి. పోషించుట నీ విధి, ఎట్లు తెచ్చితివో మాకు పనిలేదనిరి. కథ వారిని దూషింపలేదు. వారి మాటనే బోయవాని కనులు తెఱపించిన యుపదేశముగా చేసినది. రెండవది మనుస్మృతి యైదవ యధ్యాయమున మాంసభక్షణమును గూర్చి చెప్పిన మాట: అనుమతించినవాడు, ఖండించినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, వీరందఱును హంతకులే. ఇచట పాపము ఎనిమిది భాగములై పంచబడుట లేదని గమనింపవలెను. ఒక్కొక్కనియందును అది సంపూర్ణముగా నిలుచుచున్నది. ధనము మూడురూపాయలుగా ముక్కలు కావచ్చును. మనువు చెప్పిన బాధ్యతకు ఆ భాగహారము వర్తింపదు.

ఈ రెండు మాటలలో నేది బొల్లారపు కార్మికునకు చెల్లును? మనువు వాక్యమును అతనిపై మోపుట క్రౌర్యమని నా నిశ్చయము. అతడు కొనలేదు, అమ్మలేదు, అనుమతింపలేదు; చట్టము కోసికొన్న జీతము చట్టము చూపిన దారిని పోయినది. అతడు బోయవాని బిడ్డలవంటివాడు; పోషణకై యితరులపై నమ్మకముంచినవాడు. కాని ఆ నమ్మకమును స్వీకరించినవాడు బోయవాని బిడ్డలు చెప్పిన మాటను తానును చెప్పుటకు వీలులేదు. ఎవనికి తెలిసికొను శక్తియు, పలుకు నధికారమును కలవో వానియందు బాధ్యత సంపూర్ణముగా నిలుచును; ఆ రెండును లేనివానిని అది విడుచును. ఇచట ఫండు నిర్వాహకుడు, నేను సూచిని అనుసరించువాడను, నాకు ఇష్టానిష్టములు లేవు, ఏ కంపెనీని విడుచుటకును నాకు స్వాతంత్ర్యము లేదని చెప్పవచ్చును. కొందఱు దీనిని గీత చెప్పిన నిష్కామకర్మతో పోల్చుటయు కలదు. ఆ పోలిక పొసగదు. ఫలముపై ఆసక్తి లేకుండుటను గీత యుపదేశించినది. కర్మపై పట్టింపు లేకుండుటను ఎన్నడును ఉపదేశింపలేదు. పైగా, విడిచిపోలేనివానికే పలుకవలసిన ధర్మము మిక్కిలి గాఢము. షేరును అమ్మి పోగలవాడు మౌనముగా పోవచ్చును. సూచికి కట్టుబడి తరతరములు ఆ కంపెనీలోనే యుండవలసినవానికి వోటు తప్ప వేఱు సాధనము లేదు. షేరువిపణి నియంత్రణసంస్థయైన సెబీ యీ తత్త్వమును గ్రహించినట్లు, 2021 ఏప్రిల్ నుండి ముఖ్యతీర్మానములపైనను, 2022 ఏప్రిల్ నుండి సమస్తతీర్మానములపైనను మ్యూచువల్ ఫండ్లు తప్పక వోటువేయవలెనని విధించినది. ఈటీఎఫ్‌లకు సైతము మినహాయింపు లేదు.

ఈ విచారము బొల్లారమున కేవలము తర్కము కాదు. ఇచటి నక్కవాగు మంజీరలో కలియును. ఆ వాగునీటి కాలుష్యమును గూర్చి 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము పడినది. పటాన్‌చెరువు వైద్యుడు అల్లాని కిషన్ రావు దశాబ్దములపాటు దానికై పోరాడెను. సుమారు 90 ఔషధపరిశ్రమల వ్యర్థజలమును శుద్ధిచేయు పటాన్‌చెరువు కేంద్రమునుండి వెలువడు నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి రక్తములో నుండు మోతాదుకన్న నది యధికము. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమున తీవ్రకాలుష్యపీడితములని యెన్నిన 43 ప్రాంతములలో పటాన్‌చెరువు-బొల్లారము నొకటిగా చేర్చెను. 2016లో ఉత్తర ఐరోపాకు చెందిన నార్డియా అను పెట్టుబడి సంస్థ, తన సొమ్ము గల ఔషధ కంపెనీల సరఫరాదారులు ఈ నేలపై నేమి చేయుచున్నారో తెలిసికొనుటకై హైదరాబాదు, విశాఖపట్నముల పరిసరములలో పరిశోధన చేయించి నివేదిక ప్రకటించెను. వేలమైళ్ల దూరమున నున్న పింఛనుదారుల సొమ్మునకు కాపరి యిచటి వాగును గూర్చి ప్రశ్నింప దలచినపుడు, ఆ వాగొడ్డుననే నివసించు కార్మికుని సొమ్మునకు కాపరియైనవాడు ప్రశ్నింపనక్కఱలేదనుట యేమి న్యాయము?

2025 జూన్ 30న సమీపముననే యున్న పాశమైలారములో సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారమున పేలుడు సంభవించి నలుబదిమందికి పైగా కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. అదియు లిస్టెడ్ కంపెనీయే. ఆనాడే దాని షేరు ధర పతనమైనది. విపణికి కన్ను కలదనుటకు అది సాక్ష్యము. కాని ఆ కన్ను అనర్థము జరిగిన పిదప నష్టమును కొలుచుటకే తెఱచుకొన్నది. జరుగకమున్ను యంత్రముల వయస్సును, కాంట్రాక్టు కూలీల శిక్షణను, భద్రతాతనిఖీల ఫలితములను అడుగుట స్వాములైనవారి పని. పెద్ద కంపెనీయైనను చిన్న కంపెనీయైనను, ఎవరి పేర షేరు కలదో వారు అడుగవలెను. ఎవరి సొమ్ముతో ఆ షేరు కొనబడినదో వారికి ఆ జవాబును తెలుపవలెను.

ఈ పని చేయుటకు కొత్త చట్టము కొఱకు నిరీక్షింపనక్కఱలేదు. భవిష్యనిధిని పాలించు కేంద్ర ధర్మకర్తల మండలిలో, ప్రభుత్వ ప్రతినిధులతోపాటు, యజమానుల ప్రతినిధులతో సమసంఖ్యలో కార్మికసంఘముల ప్రతినిధులును కూర్చుండుచున్నారు. నిధి సొమ్ము ఏ యీటీఎఫ్‌లో ఎంత కలదో, ఆ యీటీఎఫ్‌లు ఏ కంపెనీలలో ఎంత పాలు వహించుచున్నవో, ఆ కంపెనీల సభలలో కార్మికభద్రత, కాలుష్యము మున్నగు విషయములపై ఫండు నిర్వాహకులు ఎట్లు వోటువేసిరో, ఏటేట తెలుగు మొదలైన భాషలలో ప్రకటింపవలెనని ఆ ప్రతినిధులు కోరవచ్చును; కోరుట వారి విధియని నేననుచున్నాను. అపుడు మూడురూపాయల స్వామికి ఎవరిని ప్రశ్నింపవలెనో తెలియును. అతని పక్షమున వోటువేయువానికి, తన మౌనమునకు సైతము తాను సమాధానము చెప్పుకొనవలెనని తెలియును. ఫలమును పంచుకొను లెక్క మనకు చక్కగా వచ్చినది. ధర్మమును మోయవలసినవాడెవడో నిర్ణయించు లెక్కను సైతము అంతే శ్రద్ధతో వ్రాసి, మూడుమాసముల కొకసారి అందఱికిని చదివి వినిపించుట యీ తరముపై నున్న ఋణము.