లోపలి మాట ఎవరి మాట?



మొన్న ఒక ఆదివారం రెండవ పూజ ముగిసి నేను పూజా వస్త్రాలు విప్పుతుండగా మన విచారణ యువకుడొకడు శాక్రిస్టీలోకి వచ్చాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు వచ్చిన ప్రావిడెంట్ ఫండులో సగం, ఇంటి కాగితాలు బ్యాంకులో పెడితే వచ్చే అప్పు, ఈ రెండూ కలిపి ఆఫీసులకు మధ్యాహ్న భోజనం సరఫరా చేసే వ్యాపారం పెట్టాలని అతని ఆలోచన. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఆ నెలాఖరుకే మానేస్తాడట.

"ఫాదర్, మీరు దీవిస్తే చాలు. ఇది తప్పక నిలబడుతుందని నాకు లోపల్నుంచి గట్టిగా అనిపిస్తోంది" అన్నాడు.

"లోపల్నుంచి అంటున్నది ఎవరు బాబూ?" అని అడిగాను.

నేను వేళాకోళం చేస్తున్నానని అనుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను నిజంగానే అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో అతనికి చెప్పవలసినది మీ అందరికీ చెబుతున్నాను. ఎందుకంటే ఇలాంటి కాగితం జేబులో పెట్టుకున్న బిడ్డ మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

మన కుటుంబాలు చాలావరకు రైల్వే, బడి, ఆసుపత్రి నమ్ముకున్న కుటుంబాలు. ఒకటో తారీఖున జీతం రావాలి. కొడుకు వ్యాపారం అన్నాడంటే తల్లి ఆ రోజే నవదిన ప్రార్థనలు మొదలుపెడుతుంది. ఈ భయాన్ని నేను మెచ్చుకోను. యజమాని ఇచ్చిన సొమ్మును భూమిలో పాతిపెట్టిన సేవకుణ్ణి ప్రభువు మెచ్చుకోలేదు గదా! భయపడి దాచానని వాడు చెప్పుకున్న సాకును యజమాని వినలేదు. కాబట్టి ఉద్యోగమే పుణ్యం, వ్యాపారమంటే పాపానికి దగ్గరి దారి అని నా దగ్గర ఎవరూ అనవద్దు.

అయితే మత్తయి సువిశేషం 13వ అధ్యాయంలో ఒక వర్తకుడున్నాడు. మేలైన ముత్యం ఒకటి కంటబడగానే ఉన్నదంతా అమ్మి దానిని కొన్నాడు. పరలోకరాజ్యం గురించి ప్రభువు చెప్పిన ఉపమానమిది. కాని అందులో ఒక చిన్న సంగతిని మనం గమనించకుండా దాటిపోతాం. అతడు ముత్యాల వర్తకుడు! ఏళ్ల తరబడి ముత్యాలను వేళ్ల మధ్య తిప్పి చూసినవాడు. చూడగానే 'ఇదే' అనిపించిందంటే, ఆ అనిపించడం వెనుక అతడు చూసి వదిలేసిన వేల ముత్యాలున్నాయి. అదే ముత్యాన్ని నేను చూసి ఉన్నదంతా అమ్మి ఉంటే దానిని విశ్వాసమనరు, తెలివితక్కువతనమంటారు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమా అక్వినాసు వివేకం గురించి రాసిన భాగం మాకు పాఠంగా ఉండేది. వివేకానికి ఆయన ఎనిమిది అంగాలు చెప్పారు. వాటిలో ఒకటి లాటినులో 'సొలేర్షియా'. మన తెలుగులో సమయస్ఫూర్తి అనవచ్చు. తర్కించే వ్యవధి లేనప్పుడు సరైనదాన్ని చటుక్కున పట్టుకునే శక్తి అది. అంటే లోపలి స్ఫురణను తిరుసభ పండితుడు కొట్టివేయలేదు, సుగుణాల మధ్య కూర్చోబెట్టాడు. కాని ఒంటరిగా కూర్చోబెట్టలేదు. పక్కనే జ్ఞాపకాన్ని, ఇతరుల మాట వినే గుణాన్ని, ముందుచూపును, జాగ్రత్తను కూర్చోబెట్టాడు. ఈ కాలపు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇద్దరు, కానెమన్, క్లైన్ అనేవారు, స్ఫురణను నమ్మవచ్చునా లేదా అన్న విషయంలో ఎదురెదురు పక్షాలవారు. వారు కలిసి కూర్చుని 2009లో ఒక వ్యాసం రాశారు. తేల్చినదేమిటంటే, ఒకే రకమైన పని మళ్లీ మళ్లీ చేసి, తప్పో ఒప్పో వెంటనే తెలిసే చోట మనిషి స్ఫురణను నమ్మవచ్చు. అలాంటి అనుభవం లేని చోట ఎంత గట్టిగా అనిపించినా దానికి విలువ లేదు. ముత్యాల వర్తకుడి సంగతే మరో భాషలో చెప్పారు.

మన ఊరి ఉదాహరణ చెబుతాను. డాక్టర్ కల్లం అంజిరెడ్డిగారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుటుంబంలో పుట్టారు. రసాయన శాస్త్రం చదివి, బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ మందుల కర్మాగారంలో ఉద్యోగం చేశారు. ఆ ఉద్యోగం వదిలి భాగస్వాములతో కలిసి ఒకటి రెండు కంపెనీలు నడిపి, చివరకు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఉద్యోగం వదలడం సాహసమే. కాని ఆయన వదలినది జీతాన్ని, పనిని కాదు. మందు ఎలా తయారవుతుందో చేతులారా తెలిసినవాడు మందుల తయారీలోకే దిగాడు. రక్తపోటుకు వాడే మెథైల్‌డోపా తయారీతో ఆ కంపెనీ నిలదొక్కుకుంది. తరువాత 1993లో సొంతంగా కొత్త మందు కనిపెట్టాలని పరిశోధన మొదలుపెట్టారు. మధుమేహానికి వారు కనిపెట్టిన ఒక అణువును డెన్మార్కు కంపెనీ తీసుకుని మనుషుల మీద పరీక్షల దాకా తీసుకుపోయింది. 2002లో ఆ పరీక్షలు ఆగిపోయాయి. ఎలుకల మూత్రకోశంలో కణితులు కనిపించాయి. ఎన్నో ఏళ్ల శ్రమ, ఎంతో ఆశ అక్కడ ఆగింది. స్ఫురణ ఉన్నవాడికీ తప్పుతుంది. కాని ఆ తప్పు కళ్ల ముందే, లెక్కల్లోనే, అందరికీ తెలిసేలా జరిగింది. దాని నుంచి లేవవచ్చు. అంజిరెడ్డిగారు 2013లో కాలం చేశారు. కంపెనీ నిలిచే ఉంది.

రెండవ ఉదాహరణ చెప్పడానికి మనసు ఒప్పుకోదు. అయినా అది సికింద్రాబాదుది. 1987లో పి అండ్ టి కాలనీలో ఇరవై మంది కూడా లేకుండా మొదలైన సత్యం కంప్యూటర్స్ ఇరవయ్యేళ్లలో యాభై వేల మందికి పైగా ఉద్యోగాలిచ్చింది. మన విచారణల పిల్లలు కూడా ఆ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని పూజకు వచ్చేవారు. స్థాపకులు రామలింగరాజుగారికి వ్యాపార స్ఫురణ లేదని ఎవరనగలరు? విదేశాల కంప్యూటరు పని హైదరాబాదుకు వస్తుందని చాలామంది కంటే ముందే పసిగట్టారు. 2009 జనవరి 7న ఆయనే రాసిన లేఖలో బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేవని చెప్పారు. లెక్కకూ నిజానికీ మధ్య తేడా మొదట కొద్దిదే, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి అదుపు తప్పిందని ఆ లేఖ సారాంశం. పులి మీద స్వారీతో పోల్చారు. దిగితే తినేస్తుంది.

అంతకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, తమ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించాలని ప్రకటించి, వాటాదారులు తిరగబడితే వెనక్కు తీసుకున్నారు. సత్యం అనే పేరు ఇంగ్లీషు అక్షరాలను వెనక నుంచి ముందుకు చదివితే మేటాస్ అవుతుంది.  నేను ఆ సంవత్సరం తపస్సుకాలం ప్రసంగాలు రాసుకుంటూ ఆ పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా పదిమందిని దోషులుగా తేల్చి శిక్ష విధించింది. వారు అప్పీలు చేసుకోగా తరువాతి నెలలోనే ఆ శిక్ష అమలు ఆగింది, బెయిలు లభించింది. నేను తీర్పు చెప్పడానికి ఇది రాయడం లేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు కూడా ఆయన చేతి పనే. ఆ బండి ఎక్కి బతికినవారు ఈ పత్రిక చదివేవారిలో ఉంటారు. ఒకే మనిషి లోపల రెండు మాటలు వినిపించాయి. మొదటిసారి లెక్క కొద్దిగా సవరించిన రోజున కూడా 'వచ్చే మూడు నెలల్లో సర్దేస్తాం' అని లోపల్నుంచి గట్టిగానే అనిపించి ఉండాలి. బయట ఎన్నో దేశాల సంగతి తెలిసినవాడికి ఆ రోజు తన లోపలి సంగతి తెలియలేదు. ఇది నా ఊహే. కాని పాపసంకీర్తన పెట్టె వెనుక కూర్చునేవాడికి ఈ ఊహ కష్టం కాదు.

సోక్రటీసు తన లోపల చిన్ననాటి నుంచీ ఒక స్వరం వినిపించేదని చెప్పేవాడు. చిత్రమేమిటంటే, అది ఎన్నడూ 'చెయ్యి' అనలేదట. 'ఆగు' అని మాత్రమే అనేదట. మన లోపలి స్వరాలు మాత్రం ఎప్పుడూ 'చెయ్యి, చెయ్యి' అనేవే!

పునీత ఇగ్నేషియస్ లొయోలాకు ఈ తేడా మంచం మీద తెలిసింది. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి పడుకుని ఒక ఉన్నత వంశపు స్త్రీ కోసం చేయబోయే వీరకార్యాలను ఊహించుకునేవాడు. ఎంతో హాయిగా ఉండేది. పునీతుల జీవితాలు చదివి వారిలా బ్రతకాలని ఊహించుకున్నా హాయిగానే ఉండేది. కొన్నాళ్లకు గమనించాడు. మొదటి ఊహ పోయాక మనసు ఎండిపోయేది, రెండవది పోయాక కూడా శాంతి మిగిలేది. రెండూ లోపలి నుంచి వచ్చినవే, రెండూ తియ్యనివే. తరువాత ఆయన మనకు నేర్పింది ఇదే. ఒక తలంపు మొదలెక్కడ, నడుమ ఎటు తిరిగింది, చివర ఎక్కడ తేలింది, మూడూ చూడమన్నారు. మంచి తలంపుగా మొదలై చివర శాంతి లేకుండా చేసేదైతే దాని తోక పాముదే.

ఇవన్నీ తెలిసి కూడా నేను బోల్తా పడ్డాను. చాలా ఏళ్ల క్రితం ఒక పల్లె విచారణలో ఉండగా పన్నెండు మంది స్త్రీలతో కొవ్వొత్తుల తయారీ పెట్టించాను. ఆరాధన సమయంలో నా హృదయం వెచ్చబడింది, ఇది పవిత్రాత్మ ప్రేరణ అనుకున్నాను. కొవ్వొత్తులు క్రిస్మసుకు, నవంబరు 2న సమాధుల పండుగకు తప్ప ఎవరూ కొనరన్న సంగతి ఒక్క కిరాణా కొట్టువాణ్ణి అడిగితే చెప్పేవాడు. అడగలేదు. మే నెలలో రేకుల షెడ్డులో కొవ్వొత్తులన్నీ వంగి నమస్కారం పెట్టాయి. అప్పుడు కూర్చుని ఆ తలంపు మొదలెక్కడా అని వెతికాను. అంతకు నెల క్రితం గురువుల సమావేశంలో పొరుగు విచారణ కుట్టు కేంద్రాన్ని అందరూ పొగిడారు. నా హృదయం అక్కడే వెచ్చబడింది, ఆరాధనలో కాదు. ఆ పన్నెండు మందిలో ఒకామె వెండి పట్టీలు కుదువ పెట్టి తన వాటా కట్టింది. డబ్బు తిరిగి ఇచ్చాను గాని, అప్పటికి పట్టీలు పోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వెళితే మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ మింగడం కష్టమైంది.

ఇక మన యువకుడి దగ్గరకు వస్తాను. ఆ వారమే వారింటికి వెళ్లాను. భోజనం పెట్టారు. పప్పుచారు నిజంగా బాగుంది. అతను గరిటె వాసన చూసే ఉప్పు తక్కువైందో లేదో చెబుతాడు. పన్నెండేళ్ల నుంచి వండుతున్న చెయ్యి, తప్పైతే తినేవాడి ముఖంలోనే తెలుస్తుంది. ఆ స్ఫురణ ముత్యాల వర్తకుడిదే, దానిని నమ్మవచ్చు. అయితే ఆఫీసుల భోజనమంటే నెలవారీ ఖాతా. నెల తిరిగాక పోయి డబ్బు అడగాలి.

"మావోనికి పైసలు అడుగుడు రాదు ఫాదర్. ఎవలన్న ఇయ్యకుంటే ఈనే సిగ్గుపడి తిరిగొస్తడు" అన్నది తల్లి.

అతను తల దించుకున్నాడు. అది నిజమని అందరికీ తెలుసు, అతనికి కూడా తెలుసు. నాలుగు మడతల కాగితంలో మాత్రం రాసుకోలేదు. బియ్యం ధర, గ్యాసు, ఆటో కిరాయి, అన్నీ రాసుకున్నాడు, తన సంగతి తప్ప. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు లూకా సువిశేషం 14వ అధ్యాయంలో అడుగుతారు. ఆ లెక్కలో రాళ్లూ సున్నమే కాదు, కట్టేవాడు కూడా చేరాలని నాకనిపిస్తుంది.

అతని భార్య ఒక బట్టల దుకాణంలో బిల్లులు రాసేది. "అడగడం నాకు వదిలెయ్యండి ఫాదర్" అన్నది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే బాకీ ఉన్నవాడు ఇవ్వక తప్పదనిపించింది.

ఉద్యోగం మానలేదు. సొంతంగా దాచుకున్న కొద్ది సొమ్ముతో, ఇంటి వంటింట్లోనే తెల్లవారుజామున లేచి వండి, ప్యాట్నీ దగ్గరి ఒక ఆఫీసుకు పద్నాలుగు క్యారియర్లు పంపుతున్నారు. రాత్రి పడుకునే ముందు ఇద్దరూ ఆ రోజు లెక్క రాసుకుని, రోజు గడిచిన తీరు ఒకసారి దేవుని ముందు తలచుకోవాలని చెప్పాను. ఎక్కడ తొందరపడ్డాం, ఎక్కడ భయపడ్డాం, ఎక్కడ గొప్పకు పోయాం. మొదటి పది రోజులు నిద్ర ఆగలేదట. ఇప్పుడు అలవాటైందట.

పోయిన ఆదివారం మళ్లీ శాక్రిస్టీకి వచ్చాడు. రాణీగంజ్‌లో ఇంకో ఆఫీసు నలభై భోజనాలు అడుగుతోందట, రెండు నెలల తరువాత గాని డబ్బు ఇవ్వరట.

"నీకేమనిపిస్తోంది?" అని అడిగాను.

"పగలు ఉత్సాహంగా ఉంటోంది ఫాదర్, రాత్రి లెక్క రాసేటప్పుడు మాత్రం గుండె బరువెక్కుతోంది" అన్నాడు.

ఇంకో పదిహేను రోజులు రాసి చూడమన్నాను. ఇంటి కాగితాలు ప్రస్తుతానికి వాళ్లమ్మ బీరువాలోనే ఉన్నాయి.