పాత కారుకి కొత్త రంగు: ఒక సంవాదం

యాభై అరవై ఏళ్ల కిందటి కారు కొనాలనుకునేవారికి రెండు రకాల బళ్లు ఎదురవుతాయి. మొదటిది పూర్తిగా విప్పి, తుప్పు గీకి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, సీట్లు కొత్తగా కుట్టించి తళతళలాడించిన బండి. రెండోది ఫ్యాక్టరీ నాటి పెయింటు, సీట్లు, వైరింగు, ఇంజిను చాలామట్టుకు అలాగే ఉండి, వాడకమూ వయసూ వేసిన గుర్తులన్నీ మోస్తున్న బండి. ఈ రెండోదాన్నే ఇక్కడ ఒరిజినల్ కండిషన్ అంటున్నాను. అలాంటిది దొరికితే దాన్నే కొనాలనీ, కొన్నాక దాన్ని కొత్తదానిలా మార్చే పని పెట్టుకోకూడదనీ నా వాదం. దీనికి ఎదురు చెప్పేవారు చాలామంది ఉన్నారు. వారి మాటలో బలం లేకపోలేదు. అందుకని మన శాస్త్రకారుల పద్ధతిలో పూర్వపక్షాన్నే ముందు మాట్లాడనిస్తాను.

పూర్వపక్షి: తయారు చేసినవాడు కారుని మెరిసేలా చేశాడు. మొదట కొన్నవాడు ఆ మెరుపు చూసే కొన్నాడు. వెలిసిన రంగు, పగిలిన సీటు, బోనెట్ అంచున తుప్పు, వీటిలో ఏదీ డిజైనరు కోరుకున్నది కాదు. అంతా ఎండావానలు చేసిన పని. ఎండావానలకు మర్యాద చేస్తూ చేసినవాడి ఉద్దేశాన్ని పక్కన పెట్టడం ఏం న్యాయమండీ?

నేను: ఆ ఉద్దేశం ఏమిటో మనకి తెలియాలంటే ఆధారం కావాలి కదా. ఆధారం ఎక్కడుందో చూడండి. 1960ల నాటి ఫియట్ 1100, ఎవరూ విప్పనిది, ఒక తలుపు తీసి చూస్తే చాలు. బయట రేకు మీద రంగు వెలిసిపోయినా, తలుపు లోపలి అంచున ఎండ సోకని చోట అది ఫ్యాక్టరీ నాటి ఛాయలోనే ఉంటుంది. స్ప్రే ఎక్కడ పలచగా పడిందో, ఏ మూల అసలు పడలేదో అక్కడ తెలుస్తుంది. తలుపు బందుల బోల్టు తలల మీద పెయింటు చిట్లకుండా ఉంటే, ఆ తలుపుని ఎన్నడూ ఊడదీయలేదని అర్థం. క్లచ్ పెడల్ రబ్బరు ఏ అంచున అరిగిందో, స్టీరింగు మీద చేతులు ఎక్కడ ఆనేవో చూస్తే బండి ఎంత తిరిగిందో మీటరు కంటే నమ్మకంగా చెప్పవచ్చు. టింకరింగు షెడ్డులో మొదటి రోజే ఇవన్నీ చెరిగిపోతాయి. ఆ తర్వాత వేసే టూ-ప్యాక్ పెయింటు, దాని మీద క్లియర్ కోటు ఇచ్చే లోతైన మెరుపు 1960ల్లో ఫ్యాక్టరీల్లో మామూలుగా ఉండేది కాదు. డిజైనరు ఉద్దేశం అనుకుని మనం మెచ్చుకునేది ఇవాళ్టి పెయింటరు పనితనం. పైగా నిజాయితీగా రిస్టోర్ చేయాలనుకునే పనివాడు కూడా ఏ బోల్టుకి ఏ పూత ఉండేదో, సీటు కింద ఏ గుడ్డ వాడారో తెలుసుకోవడానికి ఎవరూ ముట్టని బండి దగ్గరికే వెళ్లాలి. అలాంటిది దొరక్కపోతే ఇంకొకరు రిస్టోర్ చేసిన బండిని చూసి చేస్తాడు, అందులో తప్పులుంటే అవీ దిగుతాయి.

పూర్వపక్షి: అయితే ఏ మ్యూజియంలోనో ఒక్క బండిని అలా ఉంచితే సరిపోతుంది. లేదా విప్పే ముందు ఫొటోలు తీసుకుంటే సరి. అంబాసడర్ 1957 నుంచి 2014 దాకా తయారైంది. అన్ని బళ్లలో నా ఒక్క బండికే ఈ కట్టుబాటు ఎందుకు?

నేను: ఎక్కువగా తయారైనవాటిలోనే ఒరిజినల్స్ త్వరగా మాయమవుతాయి. ఎవరూ దాచరు గనక. మన ఫియట్లు, అంబాసడర్లు ఎన్నో టాక్సీలుగా అరిగాయి. ఎన్నింటికో పెట్రోలు ఇంజిను తీసి డీజిల్ ఇంజిను బిగించారు, గ్యాసు కిట్లు పెట్టారు, చివరికి తూకానికి అమ్మేశారు. యూరప్ దొరల బుగాటీకి కాగితాలుంటాయి, చరిత్రకారులుంటారు. విజయవాడ డాక్టరు గారి అంబాసడర్‌కి అవేవీ ఉండవు. దాని చరిత్ర అంతా దాని రేకు మీదే ఉంది. ఫొటో ఉపయోగమే, కాదనను. అయితే ఫొటోలో మనం అప్పటికి అడగగలిగిన ప్రశ్నలకే జవాబు దొరుకుతుంది. పెయింటు మందం మైక్రాన్లలో కొలిచే మీటరు చేతిలోకి రాకముందు తీసిన ఫొటో నుంచి ఆ మందం తెలుసుకోలేం. వస్తువు ఉంటే, రేపు వచ్చే పరికరంతో రేపటివారు రేపటి ప్రశ్న అడగవచ్చు.

అసలు నా వాదానికి మూలం ఇదే. ఒరిజినల్ బండిని ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్తదానిలా చేయవచ్చు. వచ్చే ఏడాది చేయవచ్చు, మీ మనవడు చేయవచ్చు. కొత్తదానిలా చేసిన బండిని తిరిగి ఒరిజినల్ చేయడం మాత్రం ఎంత డబ్బు పోసినా కుదరదు. ఒక దారిలో రెండు అవకాశాలూ మిగులుతాయి, ఇంకో దారిలో ఒకటి శాశ్వతంగా పోతుంది. ఏది మంచిదో తేలనప్పుడు మొదటి దారి పట్టడమే వివేకం.

పూర్వపక్షి: ఒరిజినల్ అంటున్నారు. ఏ రోజు నాటి ఒరిజినల్? టైర్లు మారాయి, బ్యాటరీ మారింది, బెల్టులు మారాయి. ఏదో ఒక రోజు ఇంజిను బోరు చేయించారు. అన్నీ మారుతూ వస్తే ఆఖరికి మిగిలింది మొదటి కారేనా? మీరు కాపాడేది పేరునేమో!

నేను: ఈ ప్రశ్న ఒకసారి కోర్టుకే ఎక్కింది. 1929లోనూ 1930లోనూ లె మాన్ 24 గంటల రేసు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్‌కి ఓల్డ్ నంబర్ వన్ అని పేరు. తర్వాత దాన్ని బ్రూక్‌లాండ్స్ రేసులకు మార్చి కట్టారు, పెద్ద ఇంజిను పెట్టారు. 1932లో దాన్ని నడుపుతూ ఘోర ప్రమాదంలో క్లైవ్ డన్‌ఫీ అనే డ్రైవరు చనిపోయాడు. ఆ పైన మళ్లీ కట్టారు. 1990లో దాన్ని కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్న సంస్థ, ఇది అసలు కారు కాదంటూ వెనక్కి తగ్గింది. 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ మిగల్లేదని తేలినా, జస్టిస్ ఆటన్ అమ్మినవాడి పక్షానే తీర్పిచ్చారు. ఆ కారు ఎక్కడా తెగిపోకుండా ఒకే వస్తువుగా బతుకుతూ వచ్చింది, ఇంకే కారూ ఆ పేరు తనదని చెప్పుకోలేదు, కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నారు. ఈ తీర్పు నా వాదానికి అడ్డమని మీరు అనవచ్చు. నాకు మాత్రం అది దారి చూపింది. కారు గుర్తింపుకి తెగని కొనసాగింపు చాలు. కానీ గుర్తింపు వేరు, సాక్ష్యం వేరు. ఓల్డ్ నంబర్ వన్‌ని ఆ పేరుతో పిలవవచ్చు. 1929లో బెంట్లీ పనివాళ్లు ఎలా కట్టారో చెప్పమని మాత్రం దాన్ని అడగలేం. నేను కాపాడమనేది ఆ చెప్పగల శక్తిని.

ఇక ఏ రోజు నాటి ఒరిజినల్ అన్నదానికి 2024లో పెబుల్ బీచ్‌లో ఒక జవాబు దొరికింది. పాత కార్ల ప్రదర్శనల్లో ప్రపంచమంతా చూసే ఆ పోటీలో అంతకు ముందెన్నడూ రిస్టోర్ చేయని కారుకి మొదటి బహుమతి రాలేదు. ఆ ఏడు 1934 నాటి బుగాటీ టైప్ 59కి వచ్చింది. అది గ్రాండ్ ప్రీ రేసు కారుగా పుట్టింది. తర్వాత దాన్ని రోడ్డు మీద నడిచే స్పోర్ట్స్ కారుగా మార్చారు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ కొన్నాక నల్ల రంగు, పసుపు చార పడ్డాయి. రేసుల నాటి నీలం రంగుకి తిప్పడం పెద్ద కష్టం కాదు. తిప్పలేదు. రాజు నాటి నలుపు కూడా ఆ కారు బతుకులో భాగమేనని అలాగే ఉంచారు. పుట్టిన రోజుకి తీసుకుపోవడం ఈ పద్ధతి లక్ష్యం కాదు. మన చేతికి వచ్చేదాకా దాని మీద పోగైన పొరల్ని మనం చెరపకపోవడమే లక్ష్యం.

పూర్వపక్షి: ఇది పాశ్చాత్యుల పిచ్చి అనిపిస్తోందండీ. మన దగ్గర జీర్ణోద్ధరణ పుణ్యకార్యం. ఖండితమైన విగ్రహాన్ని పూజకు ఉంచం. గుడి పాతబడితే బాగు చేసి కుంభాభిషేకం చేస్తాం. శిథిలాన్ని శిథిలంగానే పూజించమని మన పెద్దలెవరూ చెప్పలేదు.

నేను: మీ అభ్యంతరాల్లో నేను అన్నిటికంటే గౌరవించేది ఇదే. దీన్ని తేలిగ్గా తోసేస్తే నా వాదం అరువు వాదమే అవుతుంది. గుడిలో ప్రధానం ఆరాధన. అది నడవడం కోసం కట్టడం మారవచ్చు, ఆ తర్కం నాకు సమ్మతమే. కానీ ఆ జీర్ణోద్ధరణల్లోనే ఏం పోయిందో చరిత్ర పరిశోధకుల్ని అడగండి. శాసనం చెక్కిన రాతిని గచ్చులో తిరగేసి పరిచారు, స్తంభాల మీద సున్నం పూతలు పూసి అక్షరాలు పూడ్చారు, ఇసుక ధారతో శిల్పాల ముక్కూ మొహం అరగదీశారు. తెలుగు రాజవంశాల చరిత్రకి మనం ఆధారపడేది చాలావరకు ఆ రాళ్ల మీదే. అదే మన నేల మీద ఇంకో పద్ధతి కూడా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురం తెచ్చి, అవే రాళ్లతో తిరిగి నిలబెట్టారు. అక్కడ చాళుక్యుల ఉలి పని పోలేదు. అంతకంటే అందంగా కొత్త గుడి కట్టగల స్థపతులు మనకి లేక కాదు. కొత్త రాళ్లతో కడితే అది సంగమేశ్వరాలయం ఎలా అవుతుందన్న ఎరుక ఉంది కాబట్టి. కారు విషయంలో నేను అడిగేది ఆ ఎరుకనే.

మన చట్టంలోనూ ఈ ఆలోచన వచ్చేసింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజిన్లోగానీ పెద్ద మార్పులు జరగనిదైతేనే వీఏ అక్షరాల నంబరుకి అర్హం. మెరుపు కావాలని ఆ నియమం అడగలేదు.

పూర్వపక్షి: సరే, మీరు తప్పించుకోలేని మాట ఒకటి చెబుతాను. రెండు అవకాశాలూ మిగులుతాయన్నారు. తుప్పు ఆగుతుందా? విశాఖ సముద్రపు గాలిలో ఏమీ చేయకుండా బండిని నిలిపితే పదేళ్లలో ఫ్లోరు రాలిపోతుంది. ఏమీ చేయకపోవడం కూడా వెనక్కి తీసుకోలేని పనే.

నేను: ఇది నిజం. దీని ముందు నా వాదాన్ని కొంత సవరించుకోవాలి. కాపాడడమంటే ఊరుకోవడం కాదు, అందులో రిస్టోరేషన్ కంటే ఎక్కువ చాకిరీ ఉంది. పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, కట్టడాల కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ బాటలో, 2013లో టురిన్ చార్టర్ ఖరారు చేసింది. క్షీణతని ఆపే పనికీ, పాత రూపం తెచ్చే పనికీ అది స్పష్టంగా గీత గీసింది. వీలైనంత తక్కువగా ముట్టుకోమంది. ఆచరణలో అది ఇలా ఉంటుంది. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజినుకి వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, నాననిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. ట్యాంకులో జిగురైన పెట్రోలు వంపేయాలి. పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. అందుకని ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేసి, పాతవి మూటగట్టి బండితోపాటే ఉంచాలి. బ్రేకు ఆయిలు, సీళ్లు, గట్టిపడిన టైర్లు నిస్సందేహంగా మార్చాలి. దారిన పోయేవారి ప్రాణం కంటే ఏ ఒరిజినాలిటీ ఎక్కువ కాదు. పెయింటుని రుద్దే పాలిషుతో ముట్టకుండా మైనం మాత్రం పట్టించాలి. తుప్పు పట్టిన చోట తుప్పుని ఆపాలి, దాన్ని సాకుగా చేసుకుని తలుపంతా గీకకూడదు. ఫ్లోరు నిజంగానే చిల్లు పడితే ఆ మేరకే రేకు వేసి, వేసినట్టు రాసిపెట్టాలి.

పూర్వపక్షి: అలా దాచుకున్న కారు నడుస్తుందా? నడవని కారు కారేనా?

నేను: నడుస్తుంది, నడపాలి కూడా. న్యూరోసర్జన్ ఫ్రెడరిక్ సిమియోన్ ఫిలడెల్ఫియాలో 2008లో తెరిచిన రేసింగు కార్ల మ్యూజియంలో 1964 నాటి కోబ్రా డేటోనా కూపే ఉంది. రేసుల గాయాలతోనే ఉంది. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో మొదటి పేరు దానిదే. ఆ మ్యూజియం కార్లని వెనకున్న ఆవరణలో జనం ముందు నడిపి చూపిస్తారు. రంగు వెలిసినంత మాత్రాన ఇంజిను మూగబోదు.

పూర్వపక్షి: ఇదంతా ధర కోసం వచ్చిన ఫ్యాషన్ అన్న అనుమానం నాకు పోలేదు. ఫ్రాన్స్‌లో ఒక షెడ్డులో పాత పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ 2015లో 1.63 కోట్ల యూరోలకు పోయింది. దుమ్ముకి కూడా రేటు కట్టారు.

నేను: ధర పెరగడం నా వాదానికి సాక్ష్యం కాదు, రేపు పడిపోతే ఖండనా కాదు. వెనక్కి రానిది పోతుందన్న మాట మార్కెట్‌తో మారదు.

పూర్వపక్షి: నాలుగుసార్లు రంగు మారి, ఇంజిను మారి, రేకంతా పుట్టీతో నిండిన బండి ఉంటే?

నేను: దాన్ని హాయిగా రిస్టోర్ చేయించుకోండి. కాపాడవలసింది అందులో అప్పటికే పోయింది. అలాంటివి మన దగ్గర ఎక్కువ, మంచి పనివాళ్లకి అవి జీవనాధారం. నా కట్టుబాటు మిగిలిన ఆ కొద్ది బళ్లకే.

పూర్వపక్షి: నా ఇంటి ముందు వెలిసిన బండి నిలబెట్టడానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. అయినా, ఒకవేళ కొనాలనుకుంటే ముందుగా చేయవలసిందేమిటి?

నేను: ఆర్‌సీలో ఉన్న ఛాసిస్, ఇంజిను నంబర్లు బండి మీదవాటితో సరిచూసుకోండి. పెయింటు మీటరు తలుపుల మీదా మడ్‌గార్డుల మీదా పెట్టండి. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100, 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, పుట్టీ ఉన్న చోట అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. అన్నిటికంటే ముందు, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే అమ్మేవారికి ఒక మాట గట్టిగా చెప్పండి. బండి అప్పగించే ముందు శుభ్రంగా ఒక కోటు కొట్టించి ఇస్తామని వారు మర్యాదగానే అంటారు. ఆ డబ్బు కూడా నేనే ఇస్తాను, రంగు మాత్రం వేయించవద్దు అనండి.