మండపేట మిల్లులో చేతిచక్రం

మండపేటలో కాలవ గట్టున ఒక రైసు మిల్లు ఉండేది. దాళ్వా ధాన్యం దిగింది. ఎండల్లో కోసిన దాళ్వా గింజ లోపలే బీట వారి ఉంటుంది, మర పట్టిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే గోదావరి జిల్లాల్లో దాళ్వా ధాన్యం చాలావరకు ఉప్పుడు బియ్యానికి పోతుంది. ఆ ఏడు మాత్రం షావుకారు పచ్చి బియ్యమే ఆడించమన్నాడు.

రబ్బరు రోలర్ల మధ్య సందు బిగిస్తే పొట్టు బాగా ఊడుతుంది గానీ గింజ విరిగి నూకవుతుంది. వదులు చేస్తే గింజ నిలుస్తుంది గానీ వడ్లు వడ్లుగానే కిందికి జారిపోతాయి. మధ్యలో ఎక్కడో ఒక చోట ఈ రెండు నష్టాలూ కలిపి తక్కువగా ఉంటాయి. చేతిచక్రం తిప్పుతూ ఆ చోటు పట్టుకోవాలి. ఎటు తిప్పాలో పళ్ళెంలో పడ్డ గింజే చెబుతుంది. ఒక్కోసారికి ఎంత తిప్పాలన్నదే చిక్కు.

కుర్ర మేస్త్రి అంతకు ముందు వేరే మిల్లులో సార్వా స్వర్ణ ధాన్యం ఆడించినవాడు. అక్కడ నేర్చుకున్న లెక్క నోటుబుక్కులో రాసుకుని వచ్చాడు: మొదట అరచుట్టు, ఆపైన గంటకోసారి తిప్పు సగం చెయ్యాలి. ఇక్కడా అదే చేశాడు. మధ్యాహ్నానికి చక్రం వెంట్రుకవాసి కదులుతోంది, సరైన చోటు ఇంకా ఎక్కడో ఉంది. పళ్ళెం నిండా వడ్లు.

"గంట గంటకీ లెక్కగానే తగ్గించాను బాబాయ్" అన్నాడు.

పెద్ద మేస్త్రి పళ్ళెంలో గింజల్ని వేలితో రెండు పాయలు చేసి చూశాడు. "లోపల గింజ ఎలా నలుగుతుందో గంటకేం తెలుస్తుందిరా అబ్బాయ్? మళ్ళీ అరచుట్టు నుంచి మొదలెట్టు. నష్టం తగ్గుతున్నంతసేపూ తిప్పు తగ్గించకు. వరసగా మూడు పళ్ళేలు చూసినా మెరుగు లేకపోతే అప్పుడు సగం చెయ్యి. ఒక్క పళ్ళెం చెడితే కంగారు పడకు, తడి బస్తా అయ్యుంటుంది. సగం చేశాక వెంటనే తూకం వెయ్యకు, పాత గింజ మరలోంచి పోనీ."

"ఆయ్" అన్నాడు కుర్రాడు. సాయంత్రానికి నూక తగ్గింది, వడ్లు తగ్గాయి.

మర్నాడు పెద్ద మేస్త్రి పని మీద రామచంద్రపురం వెళ్ళాడు. తూకం వేసే మనిషి మారాడు. పాతవాడు పలక మీద నూకా వడ్లూ ఎంతో రాసేవాడు. కొత్తవాడు నిండు గింజ ఎంతో రాశాడు. ఏది రాస్తున్నాడో అతను చెప్పలేదు, కుర్ర మేస్త్రి అడగలేదు. అంకె పెరుగుతూ పోయింది. నష్టం పెరుగుతోందనుకుని కుర్రాడు మూడు పళ్ళేలకోసారి తిప్పు సగం చేస్తూ పోయాడు. ప్రతి పళ్ళేనికీ బియ్యం బాగుపడుతూనే ఉంది, అయినా చక్రం కదలిక అంతకంతకూ తగ్గిపోయింది. పెద్ద మేస్త్రి తిరిగొచ్చేసరికి మిల్లు మామూలుగానే ఆడుతోంది, ఎక్కడా ఏ చప్పుడూ తేడా లేదు. ఇంకా బాగుపడగల బియ్యం మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది.

నీతి: అడుగు ఎప్పుడు చిన్నది చెయ్యాలో గడియారాన్ని కాదు, ఫలితాన్ని అడగాలి. ఆ ఫలితం పెరిగితే మేలో తగ్గితే మేలో ముందే చెప్పి ఉంచాలి.

డీప్ లెర్నింగ్‌లో ఆ తిప్పు పేరు లెర్నింగ్ రేటు. 2012లో ఆలెక్స్‌నెట్ తయారుచేసిన క్రిజెవ్‌స్కీ, సుట్స్‌కెవర్, హింటన్‌లు చేసింది పెద్ద మేస్త్రి పనే. 0.01తో మొదలుపెట్టి, వ్యాలిడేషన్ తప్పులు తగ్గడం ఆగినప్పుడల్లా రేటును పదో వంతు చేశారు. శిక్షణ ముగిసేలోపు అలా మూడుసార్లు తగ్గించారు, అదీ చేత్తోనే. 2015 నాటి రెస్‌నెట్ 0.1తో మొదలై, తప్పులు ఒకచోట నిలబడ్డప్పుడు పదో వంతుకు దిగింది. ఇప్పుడు ఆ కాపలా పనిని పైటార్చ్‌లోనూ కెరాస్‌లోనూ రెడ్యూస్ ఎల్ఆర్ ఆన్ ప్లేటో అనే షెడ్యూలర్ చేస్తుంది. మేస్త్రి మూడు పళ్ళేల ఓపిక అక్కడ పేషెన్స్, పాత గింజ పోనివ్వడం కూల్‌డౌన్.

రెండు ఫ్రేమ్‌వర్క్‌ల్లోనూ పేరొకటే, లెక్క మాత్రం ఒకటి కాదు. పేషెన్స్ 10 అని ఇస్తే పైటార్చ్ పది ఎపోక్‌లు ఓర్చుకుని పదకొండోదానికి రేటు తగ్గిస్తుంది, కెరాస్ పదోదానికే తగ్గిస్తుంది. ఎంత మెరుగుపడితే మెరుగు కింద లెక్క? రెండింట్లోనూ మనం ఏమీ చెప్పకపోతే అంకె 0.0001. పైటార్చ్ దాన్ని అప్పటిదాకా వచ్చిన మేలైన విలువలో అంత భాగంగా తీసుకుంటుంది, కెరాస్ నేరుగా అంత తేడాగా తీసుకుంటుంది. లాస్ బాగా చిన్నదైతే ఈ తేడా చాలా పెద్దదవుతుంది. ఒకచోటి సెట్టింగులు ఇంకోచోటికి ఎత్తి పెట్టేవాళ్ళు ముందు చూసుకోవలసింది ఇదే.

పలక మీద అంకె కథ ఇంతకన్నా ప్రమాదం. పైటార్చ్ షెడ్యూలర్ మనం ఏమీ చెప్పకపోతే మిన్ మోడ్‌లో ఉంటుంది, అంటే అంకె తగ్గితేనే మేలు అనుకుంటుంది. దానికి లాస్ బదులు యాక్యురసీ ఇచ్చామనుకోండి. యాక్యురసీ పెరిగిన ప్రతి ఎపోక్‌నూ చెడ్డ ఎపోక్‌గా లెక్కేసి, పేషెన్స్ దాటినప్పుడల్లా రేటును పదో వంతు చేస్తూ పోతుంది. ఎర్రర్ రాదు, శిక్షణ సాఫీగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. వరి తెగుళ్ళ ఫోటోలతో మోడల్ కడుతున్న ఇంజినీరింగ్ విద్యార్థి ఇలాంటప్పుడు తప్పు డేటాదే అనుకుంటాడు. వారాల తరబడి ఫోటోలు పోగుచేస్తాడు. ఆ శ్రమ తలుచుకుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అక్కడ మార్చవలసింది మోడ్ అన్న ఒక్క మాటే.

కెరాస్ పాత కూర్పులు మెట్రిక్ పేరు చూసి దిక్కు ఊహించేవి. పేరులో ఏ, సీ, సీ అక్షరాలు వరసగా ఉంటే పెరగడం మేలనుకునేవి, లేకపోతే తగ్గడమే మేలనుకునేవి. ఎఫ్1 స్కోరు పెట్టినవాళ్ళకు దిక్కు తలకిందులైంది. అందుకని ఊహకు వదలకుండా మ్యాక్స్ అనో మిన్ అనో మనమే రాయడం మంచిది. అడిగిన మెట్రిక్ అసలు లేనేలేకపోతే కెరాస్ ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది, రేటు తగ్గించదు. పైటార్చ్ లైట్నింగ్ మాత్రం ఏ మెట్రిక్‌ను గమనించాలో మానిటర్ కింద చెప్పకపోతే మొదట్లోనే ఆగిపోతుంది. నాకు ఆ మొండితనమే నచ్చుతుంది.

నాలుగు జీపీయూల మీద నడిపేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ప్రతి జీపీయూ తన వాటా వ్యాలిడేషన్ డేటా మీద తన లాస్ తాను లెక్కేసుకుంటే, ఒక షెడ్యూలర్ రేటు తగ్గిస్తుంది, ఇంకోటి తగ్గించదు. నాలుగింటి లాస్‌నూ కలిపి సగటు తీసి, అదే అంకె అన్నింటికీ ఇవ్వాలి. కరెంటు పోయి శిక్షణ మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మోడల్ బరువులతోపాటు షెడ్యూలర్ స్థితి కూడా లోడ్ చెయ్యాలి. లేకపోతే అప్పటిదాకా వచ్చిన మేలైన అంకె ఏమిటో, ఎన్ని చెడ్డ ఎపోక్‌లు గడిచాయో దానికి గుర్తుండదు.

గడియారం పద్ధతి పనికిరాదని కాదు. పెద్ద భాషా మోడళ్ళలో ఎన్ని అడుగులు నడపాలో ముందే తెలుస్తుంది కాబట్టి కొసైన్ షెడ్యూల్ చక్కగా సరిపోతుంది. డేటా చిన్నదై, ఎన్ని ఎపోక్‌లు పడతాయో తెలియనప్పుడే ఫలితాన్ని అడిగే షెడ్యూలర్ కావాలి. దాన్ని పెట్టుకున్నవాళ్ళు మొదటి రన్ నుంచే లెర్నింగ్ రేటునూ వ్యాలిడేషన్ లాస్‌నూ ఒకదాని కింద ఒకటి గ్రాఫ్ గీసుకోవాలి. రేటు దిగిన ఎపోక్ దగ్గర లాస్ కూడా మెట్టు దిగితే షెడ్యూలర్ సరిగానే ఉన్నట్టు. లాస్ బాగా తగ్గుతున్న చోట రేటు దిగిందంటే, వెంటనే రన్ ఆపి మోడ్ ఏముందో చూడాలి.