రెపరెపలాడే దీపం, కనిపించని నీరు

శ్రీకాళహస్తి గర్భగుడిలో గాలి చొరబడే దారి లేకపోయినా ఒక దీపం రెపరెపలాడుతూనే ఉంటుంది. అదే వాయులింగానికి గుర్తని భక్తుల నమ్మకం. కంటికి ఆననిదాన్ని కదలికను బట్టి పట్టుకోవడమన్నమాట.

నేల లోపలి సంగతీ అంతే. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు పుట్టలను, చెట్లను చూసి నీటిజాడ చెప్పాడు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ మాటలను భూగర్భశాస్త్రం కళ్లతో చదివారు. చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే బోరు వేయించేవాళ్లున్నారు. కాయ లేచినంత తేలిగ్గా నీళ్లు లేవవు, అది వేరే కథ.

ఉందని తెలియడం ఒకటి, మారుతోందని తెలియడం మరొకటి. నార్వే స్లైప్నర్ క్షేత్రంలో 1996 నుంచి కార్బన్ డయాక్సైడును సముద్రం అడుగున ఇసుకరాతిలోకి పంపుతున్నారు. అంతకు ముందు, 1994లో, ధ్వనితరంగాలతో తీసిన చిత్రం పక్కన 1999 నాటి చిత్రాన్ని పెట్టి తేడా చూశారు. వాయువు చేరిన చోట తరంగం నెమ్మదించింది, ప్రతిధ్వని బలపడింది.

పొగను చూసి కొండమీది నిప్పును ఊహించడం తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో నేర్పిన పాఠమే. కానీ ఆ రెండు చిత్రాల తేడాకు కారణం వాయువేననాలంటే, మిగతా రాయి మారలేదని ముందు ఒప్పుకోవాలి. బౌద్ధ క్షణికవాది ఒప్పుకోడు. నిన్నటి రాయి నేడు లేదు, పోలికను చూసి ‘అదే’ అంటున్నామంటాడు. ‘ఇది అదే’ అన్న గుర్తింపే సాక్ష్యమంటాడు న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుడు.

ఇంజనీరు ఇద్దరి మాటా వింటాడు. ఏ రెండు సర్వేలూ అచ్చంగా ఒకటి కావని తెలిసి, మారకూడని పైపొరల దగ్గర ముందు రెండు చిత్రాలనూ సరిచూసుకుంటాడు. ఆ తర్వాతే కిందికి చూస్తాడు.