ఐదో కారణం

ఏ పని నెరవేరాలన్నా ఐదు కారణాలు కలిసి రావాలని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు చెబుతాడు. ఆధారమైన శరీరం, చేసే కర్త, ఇంద్రియాలనే పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. యలమంచిలి దగ్గరి ఏటికొప్పాకలో లక్కబొమ్మల పని చూస్తే ఇది ఇట్టే బోధపడుతుంది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. పనివాడు చెయ్యి తిరిగినవాడే, ఉలి పదునైనదే. అయినా కర్రలో కంటికి కనిపించని పగులుంటే బొమ్మ దక్కదు. ఆ పగులు అతని తప్పు కాదు. కర్ర బాగుండటం అతని గొప్పా కాదు.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పరుగులో ఈ ఐదో కారణం గాలి రూపంలో వచ్చింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేవారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నాటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020లో మూడబిద్రిలో జ్యోతి 13.03కే ముగించింది. అక్కడ డోప్ పరీక్ష జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. వెనుకగాలి సెకనుకు 2 మీటర్లు మించితే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1 ఉంది! మే 10న సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేరున ఎక్కింది. అప్పుడు వీచింది స్వల్పంగా ఎదురుగాలి.

నెదర్లాండ్స్ స్పీడ్ స్కేటర్ స్వెన్ క్రామర్‌కు అదే కారణం గురువు రూపంలో ఎదురైంది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ 10,000 మీటర్ల పోటీని అందరికంటే తక్కువ సమయంలో ముగించాడు. కానీ మధ్యలో కోచ్ గెరార్డ్ కెమ్కర్స్ పొరపాటున చూపిన వరుసలోకి మారినందుకు అనర్హుడయ్యాడు. కోపంతో కళ్లద్దాలు విసిరేశాడు. అయినా కోచ్‌ను వదులుకోలేదు. నాలుగేళ్ల తర్వాత సోచిలో ఆయన శిక్షణలోనే 5,000 మీటర్ల స్వర్ణం నిలబెట్టుకున్నాడు. 10,000 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం మాత్రం చివరిదాకా దక్కలేదు. క్షమించినందుకు బహుమానంగా పోయింది తిరిగి వస్తుందని శాస్త్రం ఎక్కడా పూచీ ఇవ్వలేదు.

మనకు అడ్డు తగిలినప్పుడే దైవం గుర్తొస్తుంది, కలిసొచ్చినప్పుడు కాదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడో స్థానంలో నిలిచిన జ్యోతికి, ముందున్న చైనా క్రీడాకారిణి తప్పుడు ఆరంభం వల్ల అనర్హురాలు కావడంతో రజతం వచ్చింది. తీసుకున్న చెయ్యే ఇచ్చింది కూడా. కర్తను నేనొక్కడినే అనుకునేవాడికి ఉన్నదున్నట్టు కనిపించదని గీత హెచ్చరించేది ఇందుకే.

మార్కులు తగ్గిన పిల్లాణ్ని, నష్టం వచ్చిన తమ్ముణ్ని నిలదీసే ముందు, దైవం కాక మిగిలిన నాలుగు కారణాల్లో లోపం ఉందేమో చూడాలి. ఉంటే దిద్దాలి. లేకపోతే మందలింపు అనవసరం, మళ్లీ పనిలోకి దిగమని భుజం తట్టాలి. మనం గెలిచిన రోజున కూడా అదే లెక్క వేసుకోగలిగితే, అహంకారానికి చోటుండదు.