జాముకాలపు పరీక్ష – కాలధర్మము

కాలము భగవత్స్వరూపమని మన శాస్త్రములు చెప్పుచున్నవి. లెక్కించువారిలో కాలము తానేనని గీతయందు దశమాధ్యాయమున స్వామి అర్జునునకు తెలిపెను. అట్టి కాలమును మానవుడు ముక్కలుగా కోసి, ఆ ముక్కలతో మఱియొక మానవుని జ్ఞానమును కొలువవచ్చునా? ఇది మా యింటి వసారాలో నాకు ఎదురైన ప్రశ్న.

ఏటేటా వేసవి వచ్చుసరికి మన దేవాలయములలో ఒక దృశ్యము కనబడుచుండును. పదునేడు, పదునెనిమిది సంవత్సరముల బాలబాలికలు తల్లిదండ్రులతో వచ్చి, హాల్ టికెట్టును పూలపళ్ళెరములో నుంచి స్వామి పాదములకడ పెట్టించి తీసికొని పోవుదురు. నా మనుమరాలును వారిలో ఒకతె. ఆమె వైద్యవిద్య కొఱకు నీట్ అను ప్రవేశపరీక్షకు చదువుచున్నది. ఒకనాడు నమూనా పరీక్ష వ్రాసి వచ్చి వసారాలో కూర్చుండి కన్నీరు పెట్టుకొనుచుండెను. "ఏమమ్మా, ప్రశ్నలు తెలియలేదా?" అని అడిగితిని.

"అన్నీ తెలిసినవే తాతయ్యా. చివరి ముప్పై ప్రశ్నలు చదవడానికే టైము చాలలేదు. ఫిజిక్సులో ఒక లెక్క దగ్గర ఎనిమిది నిమిషాలు ఆగిపోయాను. అది నాకు వచ్చు. వచ్చినదాన్ని ఎలా వదలను?" అనెను.

తెలిసినది తెలియనిదానిక్రింద లెక్కింపబడుట ధర్మమా యని నాకును కోపము వచ్చెను. అయినను పూర్వపక్షమును మాత్రమే విని తీర్పు చెప్పుట మా గురువులు నేర్పిన పద్ధతి కాదు గనుక, ఆ పరీక్షల నియమములను అడిగి తెలిసికొంటిని.

2025వ సంవత్సరమున జరిగిన నీట్ పరీక్షలో ప్రశ్నలు 180, నిమిషములు 180. సరియైన సమాధానమునకు 4 మార్కులు. తప్పు సమాధానమునకు 1 మార్కు కోత. ఆ యేడే జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో 75 ప్రశ్నలకు మూడు గంటలు. మన తెలుగు రాష్ట్రములలో ఇంజనీరింగు విద్యకు జరుగు ఇ.ఏ.పి.సెట్ పరీక్షలో 160 ప్రశ్నలకు మూడు గంటలు. అచ్చట తప్పునకు కోత లేదు. మూడు గంటలనగా మన పెద్దల లెక్కలో ఒక జాము, ఏడున్నర గడియలు. గడియకు 24 నిమిషములు, విగడియకు 24 సెకనులు. ఈ లెక్కన ఒక్కొక్క ప్రశ్నకు నీట్‌లో రెండున్నర విగడియలు, జె.ఇ.ఇ.లో ఆరు విగడియలు, ఇ.ఏ.పి.సెట్‌లో మూడు విగడియలకు కొంచెము తక్కువ లభించును.

మా కాలపు పాఠశాలలో పరీక్ష వేఱు. పూర్వము శలాకాపరీక్ష యని ఒకటి యుండెడిది. తాళపత్రగ్రంథమున ఒక పుల్లను గ్రుచ్చి, అది చూపిన పత్రమునందలి విషయమును విద్యార్థిచే వ్యాఖ్యానింపజేసెడివారు. మా గురువుగారు ఆ పద్ధతినే అచ్చుపుస్తకముతో జరిపెడివారు. పుట తెఱచి చూపి కన్నులు మూసికొని కూర్చుండెడివారు. మేము తడబడుదుము, వెనుకకు పోదుము, మఱల అందుకొందుము. ఆయన కన్నులు తెఱచెడివారు కారు. తడబాటులోనే శాస్త్రము లోపల ఎంత దిగినదో ఆయనకు తెలిసెడిది. ఆ పరీక్షకు గడియారము లేదు.

కాని అప్పుడు ఆ అరుగుమీద మేము ఆర్గురము. 2024వ సంవత్సరమున నీట్ వ్రాసినవారు ఇరువది లక్షలకు పైబడినవారు. ఇందఱిని కన్నులు మూసికొని వినుటకు ఏ గురువునకును ఆయువు చాలదు. ఇచ్చటనే నా కోపము కొంత చల్లారినది.

మన యాత్రికులందఱు ఎఱిగిన దృష్టాంతము నొకటి చెప్పెదను. గంటలకొలది వరుసలో నిలిచి స్వామి సన్నిధికి చేరుదుము. అచ్చట మనకు లభించునది కొన్ని క్షణములు. "జరగండి, జరగండి" అని ముందుకు పంపుదురు. ఆ క్షణములు మన భక్తికి కొలతయా? కానే కాదు. వెనుక నిలిచినవారికి కూడ దర్శనము కావలెనను న్యాయమే ఆ పరిమితికి మూలము. పరీక్షలోని కాలపరిమితియు ఇట్టిదే. అది పదిమందికి పంచుటకు ఏర్పడిన నియమము. జ్ఞానమును తూచు త్రాసు కాదు. 2022 మొదలు 2024 వరకు నీట్ పరీక్షకు 200 నిమిషములు ఉండగా, 2025లో అది 180 అయినది. ప్రశ్నల సంఖ్యయు, ఎన్నుకొను అవకాశమును అప్పుడే తగ్గినవి. మానవులు ఏర్పఱచినది మానవులే మార్చిరి. అట్టి పరిమితిని విధిలిఖితమని భయపడరాదు. నియమము గనుక గౌరవింపవలెను.

ఈ దృష్టాంతము మా మనుమరాలి ప్రశ్నకు కూడ సమాధానమైనది. "అమ్మా, సన్నిధిలో ఒకరు కదలక నిలిచినచో వెనుకనున్నవారి గతి ఏమి? ఆ లెక్కవద్ద నీవు నిలిచిన ఎనిమిది నిమిషములు దాని వెనుక నిలిచిన ప్రశ్నల సొత్తు గదా!" అంటిని. ఆమె కొంతసేపు ఆలోచించి తల యూపెను.

సమానముగా పంచుట యనగా అందఱికి ఒకే కొలత యని మాత్రము అర్థము కాదు. వ్రాయుటకు శరీరము సహకరింపని విద్యార్థులకు గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమీయవలెనని కేంద్రప్రభుత్వపు 2018 నాటి మార్గదర్శకములు చెప్పినవి. ఏకాదశీవ్రతమున బాలురకు, వృద్ధులకు, రోగులకు సడలింపు నిచ్చిన మన ధర్మమునకు ఇది క్రొత్త కాదు.

పోయిన కాలమునకు పరిహారమేమి యను ప్రశ్నయు 2024లో దేశము ముందునకు వచ్చెను. ఆ యేటి నీట్ పరీక్షలో కొన్ని కేంద్రములయందు కాలము వృథా అయినదని 1,563 మందికి అదనపు మార్కులు కలిపిరి. దానిపై వివాదము చెలరేగి సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. జూన్ 13న ఆ అదనపు మార్కులను రద్దు చేయుటయు, కోరినవారికి జూన్ 23న మఱల పరీక్ష జరుపుటయు నిశ్చయమైనవి. 813 మంది మఱల వ్రాసిరి. తక్కినవారికి అదనపు మార్కులు లేని ఫలితమే మిగిలినది.

మీమాంసాశాస్త్రమున ప్రతినిధి విచారము కలదు. యాగమునకు వ్రీహిధాన్యము దొరకనిచో నీవారధాన్యమును వాడవచ్చును. దేవతకుగాని, మంత్రమునకుగాని ప్రతినిధి లేదు. కాలము ఈ రెండవ తెగలోనిదని నాకు తోచుచున్నది. పోయిన నిమిషమునకు మార్కు బదులు కానేరదు. ఆ నిమిషములో ఆ బాలుడు ఏమి వ్రాసియుండెడివాడో ఎవరు చెప్పగలరు? కాలము పోయినచో కాలమునే ఈయవలెను. మఱల పరీక్ష పెట్టుటలో కష్టమున్నది, కాని న్యాయమును ఆ త్రోవయందే యున్నది.

ఇక వ్రాయువాని ధర్మమేమి? మన తెలుగువారి అవధానవిద్యను చూడుడు. అష్టావధాని ఒక పృచ్ఛకునికి పద్యమంతయు ఒకేసారి చెప్పి ముగింపడు. ఒక పాదము చెప్పి మఱియొకరి వద్దకు పోవును. నాలుగు ఆవృత్తములలో పద్యములు పూర్తియగును, తుదకు ధారణ. ఒకచోట పదము దొరకలేదని అచ్చటనే కూలబడినచో అది అవధానము కాదు. పరీక్షార్థియు మొదటి ఆవృత్తమున తెలిసినవి వ్రాయవలెను. ఆలోచింపవలసినవి గుర్తు పెట్టుకొని రెండవ ఆవృత్తమున చూడవలెను. కొన్ని నిమిషములను సరిచూచుకొనుటకు దాచుకొనవలెను. మా మనుమరాలు జీవశాస్త్రపు 90 ప్రశ్నలకు 50 నిమిషములు, రసాయనశాస్త్రపు 45కు 50, భౌతికశాస్త్రపు 45కు 60 అని పంచుకొని, 20 నిమిషములు మిగుల్చుకొన్నది.

వదలుట సులభమని తలంపరాదు. తెలియనిదానిని వదలుట త్యాగము కాదు. "ఇది నాకు వచ్చును" అనుదానిని వదలుటయే కష్టము. ఏలనగా అచ్చట నిలిపి పట్టుకొనునది అభిమానము. ఆ ఎనిమిది నిమిషములలో ఆమె లెక్కతో పోరాడలేదు, తన అహంకారముతో పోరాడినది. ఈ మాటను ఆమెయే నాకు చెప్పినది.

తెలియనిదానికి ఊహించి గుర్తు పెట్టుట అసత్యమా యని ఆమె మఱియొకనాడు అడిగెను. నాలుగు వికల్పములలో రెండింటిని కారణముతో త్రోసివేసి, మిగిలినవానిలో ఒకదానిని ఎన్నుకొనుట తర్కమే. అది దోషము కాదు. ఏ కారణమును లేక గుర్తు పెట్టుట పాచికలాట. నియమము దానిని నిషేధింపలేదు గనుక పాపమని చెప్పను. ఎవరిని మోసగించుటయు కాదు. కాని రోగి నాడిని పట్టవలసిన చేతికి ఆ యలవాటు అంత మంచిది కాదని మాత్రము చెప్పితిని.

ఇచ్చట నా దోషము నొకదానిని ఒప్పుకొనవలెను. నేను ముప్పది యేండ్లు పాఠము చెప్పితిని. ప్రశ్న వేసినంతనే సమాధానము చెప్పువానిని మెచ్చుకొనెడివాడను. ఒక విద్యార్థి యుండెడివాడు. శబ్దరూపము అడిగినను కొంతసేపు మౌనముగా నుండి పిమ్మట చెప్పెడివాడు. అతడు నోరు తెఱచులోపల నేను ప్రక్కవానిని అడిగెడివాడను. ఏండ్లు గడచిన పిదప అతడు మా యింటికి వచ్చి, ఒక వ్రాతప్రతిలోని పాఠదోషమును చూపెను. అది నేను పలుమార్లు పాఠము చెప్పిన గ్రంథము. త్వరగా చదువువారమందఱము ఆ దోషమును దాటిపోయితిమి. "నాకు ఆలోచించకుండా చెప్పడం రాదండి, గురువుగారూ" అని మాత్రమే అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందువలననే నాకు ఎక్కువ బాధ కలిగెను. లక్షలమందికి పరీక్ష పెట్టువానికి పరిమితి తప్పదు. పదిమందికి పాఠము చెప్పువానికి ఆ నెపము లేదు. ఇంట ఒక బిడ్డను పెంచు తల్లిదండ్రులకు అసలే లేదు.

భాగవతమున ఖట్వాంగ మహారాజు తనకు ఇక ఒక ముహూర్తకాలమే ఆయువు మిగిలినదని తెలిసికొని, ఆ స్వల్పకాలమున సర్వమును విడిచి భగవంతుని శరణు పొందెను. ముహూర్తమనగా రెండు గడియలు, 48 నిమిషములు. పరీక్షిత్తునకు ఏడు దినములు లభించెను. గర్భమున తాను దర్శించిన పురుషుని లోకమున వెదకి పరీక్షించినందున ఆయనకు ఆ పేరు కలిగెను. వారిరువురును కాలము చాలదని విలపింపలేదు. ఉన్నదానిలో చేయవలసినదేదో తెలిసికొనిరి. తొందరపడుమని ఈ కథలు చెప్పుట లేదు. ఏది ముందు, ఏది వెనుక, ఏది విడువదగినది యను వివేకమును చెప్పుచున్నవి. వైష్ణవ గృహములలో దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని ఐదు కాలములుగా పంచుకొను సంప్రదాయమునకును ఇదియే ప్రయోజనము. ప్రతి కర్మకు తన వేళ ఉన్నది. వేళ ముగిసినపుడు దానిని విడిచి తరువాతిదానికి పోవలెను.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పరీక్ష ఒక జాము. దినమునకు ఎనిమిది జాములు; బిడ్డ ఆయువులో అట్టి దినములు వేలకొలది. ఆ ఒక్క జామున జరిగినదానిని బట్టి తక్కిన జాములన్నిటికి విలువ కట్టరాదు. ఫలితము వచ్చిన దినమున ఆ బిడ్డ మొదట చూచునది మన ముఖమునే. ఆ ముఖమున నిన్నటి ప్రేమయే ఉండవలెను. ఒక పరీక్ష పోయినదని ప్రాణముపై విరక్తి పొందు బాలుర వార్తలు వినునపుడెల్ల, "ఎవరైనను ఆ రాత్రి ప్రక్కన కూర్చుండియుండినచో" అని మనసు కలత చెందును.

మా మనుమరాలు మఱియొక నమూనా పరీక్ష వ్రాసి వచ్చినది. ఆరు ప్రశ్నలు విడిచినదట, తక్కినవన్నియు చదివినదట. మార్కులు ఆమె ఆశించినంత రాలేదు. "అయినా ఈసారి ఏడుపు రాలేదు తాతయ్యా" అని, చెప్పులు విడిచి, కాళ్ళు కడుగుకొని, సాయంకాలపు దీపము పెట్టుటకు లోపలికి పోయినది. దీపమునకు వేళ అయినది. నేనును లేచితిని.

కాలస్వరూపుడైన శ్రీమన్నారాయణుడు మన బిడ్డలందఱికి విడువదగినదానిని విడుచు ధైర్యమును, చేయదగినదానిని చేయు నిలకడను, మన పెద్దలకు వేచియుండు ఓర్పును ప్రసాదించుగాక!